ఆ బుల్లెట్ కొనేముందు ప్లగ్ విప్పి చూశాను

"ప్లగ్ ఒకసారి విప్పుతానండీ, కంప్రెషన్ చూసుకుంటాను" అన్నాను. బండి చూపిస్తున్న బ్రోకర్ అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతున్నవాడు కాస్తా ఆ మాటతో ముఖం మార్చేశాడు. "బుల్లెట్ సార్ ఇది, స్టార్ట్ చేసి సౌండ్ వింటే చాలు, దీనికి మళ్లీ మీటర్లెందుకు" అన్నాడు. విజయవాడలో పొద్దున ఎనిమిది గంటలప్పుడు జరిగిన సంగతి ఇది. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే వేడి తగిలింది. నేను వస్తానని ముందురోజు రాత్రే ఫోన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, చల్లగా ఉండాలి అని మరీ మరీ చెప్పాను. అదే అడిగితే, పొద్దున్నే కుర్రాడు పాలకి వేసుకెళ్లాడన్నాడు.

నేనెందుకంత పట్టుబట్టానో చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట మా బావ ఒక పాత బుల్లెట్ కొన్నాడు. ట్యాంకు మీద బంగారు గీతలు, కొత్త క్రోమ్, కొత్త సీటు, కిక్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయ్యేది. ఇంట్లో అందరం వరసగా ఎక్కి ఫొటోలు దిగాం. రెండు నెలల్లో లీటర్లకొద్దీ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది, వెనకాల వచ్చేవాళ్లు పొగకి తిట్టుకునేవాళ్లు, చివరికి ఒకరోజు ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. హెడ్ దించితే, పిస్టన్ ఆడే గొట్టం ఉంటుందే, ఆ బోర్ గోడల మీద గోటికి తగిలేంత గీతలు. పిస్టన్, రింగులు, బోరింగ్, క్రాంకు కూడా విప్పాల్సి రావడంతో బావ దాని మీద పెట్టిన ఖర్చు మాకెవరికీ ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. ఆ బండి మీద మనసు విరిగి నష్టానికి అమ్మేశాడు. బాగా ఇష్టపడి కొన్న మనిషి అలా అయిపోవడం చూశాక, నేను కొంటే మాత్రం రంగు చూసి కొనకూడదు, లోపల ఏముందో చూసే కొనాలి అనుకున్నాను.

నాకు కావలసింది 80ల నాటి 350 బుల్లెట్, పోత ఇనుము బ్యారెల్ ఉన్నది, అదే మన మెకానిక్‌లు కాస్ట్ ఐరన్ ఇంజిన్ అనేది. కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు, కాంటాక్ట్ పాయింట్లు, హెడ్‌లైటు మీద ఆంపియర్ మీటరు. మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినప్పటి నుంచి ఈ ఇంజిన్ మూలం పెద్దగా మారలేదు, 2010 ప్రాంతంలో కొత్త ఇంజిన్ వచ్చేదాకా చిన్నచిన్న మార్పులతోనే నడిచింది. బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ అంటే పిస్టన్ కదిలే దూరం 90, మొత్తం 346 సీసీ. స్ట్రోక్ అంత పొడవుండటం వల్లే ఆ దడ్ దడ్ అనే నడక. అందులో ఉన్నది ఒకే ఒక్క సిలిండరు కాబట్టి కంప్రెషన్ పడిపోతే పక్క సిలిండరు లాక్కుపోవడం లాంటిదేమీ ఉండదు, ఆ ఒక్కటి బాగుంటేనే బండి.

కంప్రెషన్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు రెండు వాల్వులూ, అంటే మిశ్రమం లోపలికి వచ్చే తలుపూ పొగ బయటికి పోయే తలుపూ, మూసుకుని ఉంటే లోపలున్న గాలి-పెట్రోలు మిశ్రమం నలిగి, చిన్న జాగాలో ఇరుక్కుంటుంది. అలా ఎంత గట్టిగా నలిగితే మంట అంత బలంగా ఉంటుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే గాలి కిందకి, క్రాంక్‌కేసులోకి జారిపోతుంది. వాల్వులు సరిగ్గా కూర్చోకపోతే కార్బొరేటర్ వైపో సైలెన్సర్ వైపో పోతుంది. హెడ్ గ్యాస్కెట్ పోతే పక్కనుంచి. బుల్లెట్‌లో ఇంకో దారి కూడా ఉంది, డీకంప్రెసర్. కిక్ కొట్టడం తేలిక కావడానికి హెడ్‌లో పెట్టిన చిన్న వాల్వు అది, హ్యాండిల్ దగ్గర లివర్ నొక్కితే తెరుచుకుని గాలి వదిలేస్తుంది. ఈ నాలుగో దారిని చాలామంది మర్చిపోతారు. నా కథంతా దాని చుట్టూనే తిరిగింది.

కంప్రెషన్ కొలిచే గేజ్ ఒకటి కొన్నాక తిన్నగా బండ్లు చూడటానికి వెళ్లకుండా ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. వయసులో పెద్దాయన, నేను బాబాయ్ అంటాను, ముప్పై ఏళ్లకి పైగా బుల్లెట్లే విప్పుతున్నాడు. గేజ్ చేతిలోకి తీసుకుని, దాని చివర మర ప్లగ్ మరకి సరిపోతుందో లేదో ముందు చూశాడు. బుల్లెట్ ప్లగ్ మర 14 మిల్లీమీటర్లు. రబ్బరు మూతి ఉండి చేత్తో అదిమిపట్టే గేజ్‌లు కూడా దొరుకుతాయి గానీ, ఒకచేత్తో అది అదిమిపట్టి, ఒకచేత్తో యాక్సిలరేటర్ తిప్పి, కాలితో బుల్లెట్ కిక్ కొట్టడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. బిగించేదే కొనాలి.

ఆయన నేర్పిన అన్నిటిలోకీ పనికొచ్చింది ఇది: "ఎంత రావాలి అని నన్నడగొద్దు. నీ గేజ్‌కి, నీ కాలికి, మంచి ఇంజిన్ ఎంత చూపిస్తుందో ముందు చూసుకో." ఆ వారమే హాఫ్ ఇంజిన్ పని, అంటే ఇంజిన్ పైభాగం పని చేసి, కొత్త పిస్టన్ వేసి, సెట్ అయ్యాక సర్వీసుకి వచ్చిన ఒక 350 ఆయన షాపులో ఉంది. యజమానిని అడిగి దాని మీద నన్ను కొట్టనిచ్చాడు. మొదటిసారి 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపించింది. నాకు గుండె గుభేలుమంది, కొత్త పిస్టన్‌కే ఇంత అయితే పాతవాటి సంగతేంటని. బాబాయ్ ఏమీ అనకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాడు, మళ్లీ కొట్టమన్నాడు. 115. యాక్సిలరేటర్ మూసి ఉంటే లోపలికి గాలే రాదు, రాని గాలిని పిస్టన్ ఏం నలుపుతుంది? అది మాటల్లో విన్నప్పుడు ఎక్కలేదు, ముల్లు మీద చూశాక ఎక్కింది.

అలా 115 నాకు కొలబద్ద అయింది. ఇంకొకరి గేజ్‌కి అదే ఇంజిన్ 105 చూపించొచ్చు, 120 చూపించొచ్చు, గొట్టం పొడవు బట్టి, కొట్టే కాలి బలం బట్టి మారుతుంది. ఊరు బట్టి కూడా మారుతుంది. మా వైపు నేల దాదాపు సముద్రమట్టం, హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడే ఐదారు శాతం తక్కువ కాబట్టి అదే బండి అక్కడ కొంచెం తక్కువే చూపిస్తుంది. కొన్ని గేజ్‌ల మీద చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలు అని ఉంటుంది, 100 పీఎస్ఐ అంటే దాదాపు 7 కేజీలు.

సరే, విజయవాడ బండి దగ్గరికి వస్తాను. ఎలాగో బతిమాలి ప్లగ్ విప్పించాను. పెట్రోల్ ట్యాప్ మూసి, తాళం ఆపేసి, ప్లగ్ చూస్తే నల్లగా, తడిగా, వేలికి జిడ్డు అంటుకుంది. అది పెట్రోలు తడి కాదు, ఆయిల్. గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని కిక్ కొట్టడం మొదలుపెట్టాను. చివరికి ముల్లు 118 దగ్గర ఆగింది. పక్కనున్న బ్రోకర్ "చూశారా, చెప్పానుగా" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ అంకె ఒక్కటే చూసుంటే ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్ని.

కానీ బాబాయ్ ఇంకో మాట కూడా చెప్పాడు, చివరి అంకె కాదు, ముల్లు ఎక్కే తీరు చూడమని. మంచి ఇంజిన్‌లో మొదటి కిక్‌కే ముల్లు సగం దాటి ఎగురుతుంది, మూడో నాలుగో కిక్‌కి పైకి చేరి ఆగిపోతుంది. ఆయన షాపులో బండి మొదటి దెబ్బకే 75 దాటింది, నాలుగోదానికి ఆగింది. ఇది మొదటి కిక్‌కి 40, తర్వాత 58, 72, 85, అలా మెల్లమెల్లగా ఎక్కుతూ తొమ్మిదో పదో కిక్‌కి గానీ 118కి చేరలేదు. రింగులు అరిగిన ఇంజిన్ అలాగే ఎక్కుతుంది, ప్రతిసారీ కొంత జారవిడుస్తూ. అదే వాల్వుల దగ్గర లీకైతే మొదటి కిక్‌కీ తక్కువే ఉంటుంది, తర్వాత కొట్టినా పెద్దగా పెరగదు. మరి అరిగిన రింగులతో 118 ఎలా వచ్చింది? లోపలంతా ఆయిల్ ఉంది కాబట్టి. ఆయిల్ రింగుల పక్కన సందుల్లో నిండి అడ్డుపడుతుంది, పైగా ఏళ్లతరబడి ఆయిల్ కాలిన బొగ్గు పిస్టన్ మీద పేరుకుని జాగా తగ్గిస్తుంది, రెండూ కలిసి ముల్లుని పైకి నెడతాయి. ఆయిల్ మూత తీసి పుల్ల ముంచి చూస్తే తేనెలా సాగింది, మామూలుగా పోసే ఆయిల్ కన్నా బాగా చిక్కగా ఉంది. పొగ కనపడకుండా చిక్కటి ఆయిల్ పోయడం పాత పద్ధతే.

అనుమానం తీరక ప్లగ్ తుడిచి బిగించి స్టార్ట్ చేయమన్నాను. కాసేపు రైజ్ చేసి ఒక్కసారిగా వదిలేస్తే, వదిలిన క్షణంలో సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చింది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు దగ్గర వేలు పెడితే ఫుస్ ఫుస్ మని గాలి కొడుతోంది. కొంత గాలి ఏ ఇంజిన్‌లోనైనా వస్తుంది, ఇది అంత మామూలుగా లేదు. రేపు పొద్దున ఆరింటికి వస్తాను, బండి ముట్టుకోకండి, చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి చూస్తాను, నచ్చితే అక్కడికక్కడే డబ్బులిస్తాను అన్నాను. సరేనన్నాడు. గుంటూరు నుంచి చీకటితోనే బయల్దేరి ఆరింటికల్లా వెళ్లాను. ఇంజిన్ మళ్లీ వేడిగానే ఉంది. నేనిక ఏమీ అడగకుండా వచ్చేశాను.

వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ చూడటం తప్పు కాదు, అసలు లెక్క చూడాల్సింది వేడి మీదే. కానీ చల్లటి ఇంజిన్ ఎన్ని కిక్కులకి లేస్తుంది, లేచిన మొదటి నిమిషంలో ఎలాంటి శబ్దం చేస్తుంది, ఎలాంటి పొగ వదులుతుంది అన్నది వేడి ఇంజిన్‌లో ఇక కనపడదు. అందుకే అమ్మేవాళ్లు ముందే వేడిచేసి పెడతారు.

తర్వాత ఇంకో రెండు చూశాను, వాటి గురించి చెప్పడానికేం లేదు. ఒకదానికి చాసిస్ నంబర్ దగ్గర రుద్దిన గుర్తులున్నాయి, గేజ్ బయటికే తీయలేదు. ఇంకోటి ధర కుదరలేదు.

నాలుగోది తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో, రిటైరైన స్కూలు మాస్టారి ఇంట్లో. 1984 బండి, మూడక్షరాల పాత నంబరు ప్లేటు, మొదటి నుంచీ ఆయనదే. ఎరువుల బస్తాల పక్కన, పాత దుప్పటి కప్పుకుని ఉంది. రంగు అసలుదే, ట్యాంకు మీద మోకాళ్లు తగిలేచోట వెలిసిపోయింది. రెండేళ్లకి పైగా కదల్లేదట. మాస్టారు ముందే చెప్పేశారు: "అబ్బాయ్, నీకు దాచేదేం లేదు. ఇంజిన్ బోర్‌కొచ్చింది. రెండేళ్ల కిందట టౌన్లో మెకానిక్ చూసి చెప్పాడు, కంప్రెషన్ లేదు, మొత్తం దించాలి అని. అప్పట్నుంచీ ఇలా పెట్టేశాను. పనుంది కాబట్టే ఎనభై ఐదు వేలు అంటున్నాను."

ఇంత ఖాళీగా ఉన్న బండిని గబుక్కున కిక్ కొట్టకూడదు. రింగులు బోర్‌కి పట్టేసి ఉంటే విరిగే ప్రమాదం ఉంది. ప్లగ్ విప్పి, కొంచెం ఆయిల్ చుక్కలు వేసి, అరగంట ఆగి, కిక్ రాడ్‌ని చేత్తోనే మెల్లగా కిందకి నొక్కాను. ఎక్కడా పట్టకుండా దిగింది. చుక్కలు వేశాం కాబట్టి ఇప్పుడు గేజ్ పెడితే అంకె దొంగది వస్తుంది. అందుకే ప్లగ్ బొక్క మీద గుడ్డ పెట్టి పది పదిహేను సార్లు ఊరికే కిక్ కొట్టి, ఉన్న ఆయిల్ చాలావరకు బయటికి పోనిచ్చాను. అప్పుడు గేజ్ పెట్టాను. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొడితే మొదటి కిక్‌కి 48, తర్వాత 60, 66, 68, అక్కడే ఆగిపోయింది. పది కొట్టినా 68. మాస్టారు తల పంకించి, "చెప్పాగా" అన్నారు, పాపం ఆ గొంతులో బాధ.

నాకు మాత్రం ఆ 68 వింతగా అనిపించింది. విజయవాడ బండిలా మెల్లగా ఎక్కుతూ పోలేదు, నాలుగో కిక్‌కే ఆగిపోయింది. రింగులైతే ఇలా ఉండదు కదా అనుకుని, తడి పరీక్ష చేశాను. అంటే ప్లగ్ బొక్కలోంచి ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు మూడు సార్లు మెల్లగా తిప్పి, మళ్లీ గేజ్ పెట్టడం. రింగుల దగ్గర లీకైతే ఆయిల్ ఆ సందుల్ని కాసేపు మూసేస్తుంది, అంకె ఒక్కసారిగా ఇరవై ముప్పై పెరుగుతుంది. వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో అయితే ఆయిల్ అక్కడిదాకా అంటదు, పెద్ద తేడా రాదు. స్పూను మించి పోయకూడదు, ఎక్కువ పోస్తే ఆయిలే జాగా ఆక్రమించి అంకెని పెంచేస్తుంది. మాస్టారి భార్య వంటింట్లోంచి స్పూను తెచ్చిచ్చారు. కొడితే 71. మూడంటే మూడే పెరిగింది.

అంటే రింగులూ బోరూ బాగానే ఉన్నాయి. గాలి పైనెక్కడో పోతోంది.

అప్పుడు కిక్ రాడ్ మీద నెమ్మదిగా బరువు పెట్టి, చెవి దగ్గరపెట్టి విందామని వంగాను. చెయ్యి హ్యాండిల్ మీద ఆనింది, డీకంప్రెసర్ లివర్ తగిలింది. ఆ లివర్‌కి కొంచెం వదులుండాలి, వేలితో కదిపితే మొదట కొంత ఊరికే ఆడి, తర్వాత తీగ లాగాలి. దీనికి ఆటే లేదు. వీణ తీగలా బిగుసుకుని ఉంది. "మాస్టారూ, ఈ డీకంప్రెసర్ కేబుల్ ఎప్పుడైనా మార్చారా?" అన్నాను. కాసేపు ఆలోచించి, తెగిపోతే మార్చామని, బండి పెట్టేయడానికి నెలో రెండు నెలలో ముందని చెప్పారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కేబుల్ పొట్టిగా బిగిస్తే అది డీకంప్రెసర్ వాల్వుని ఎప్పుడూ వెంట్రుకంత తెరిచే పట్టుకుంటుంది. పిస్టన్ నలిపిన గాలి ప్రతిసారీ ఆ సందులోంచి పోతుంది. ముడి వదులుచేసి, లివర్‌కి ఆట వచ్చేలా పెట్టి, గేజ్ బిగించి కొట్టాను. మొదటి కిక్‌కి 66, నాలుగోదానికి 97.

ఆ అంకె చూసి నేను గట్టిగా అరిచాను, మాస్టారి మనవడు పరుగెత్తుకొచ్చాడు. 68 ఎక్కడ, 97 ఎక్కడ. ఐదు నిమిషాల పని. ఇంత మంచి ఇంజిన్‌ని బోర్‌కొచ్చిందని చెప్పి రెండేళ్లు మూల పడేయించిన ఆ మెకానిక్ ఎవరో గానీ, ఒక్క లివర్ కదిపి చూసుంటే తెలిసేది. నాకు ఆ కోపం ఇంకా పోలేదు. ఆ రెండేళ్లూ మాస్టారు బస్సులకోసం ఎదురుచూశారు.

97 దగ్గర ఆపకుండా, వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్ల కింద ఉండే టాపెట్లు కూడా చూశాను. బ్యారెల్‌కి కుడిపక్కన చిన్న మూత ఉంటుంది, ఒక్క నట్టు విప్పితే పుష్ రాడ్లు రెండూ కనపడతాయి. పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, అంటే రెండు వాల్వులూ మూసుకునే చోటికి తెచ్చి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రాడ్లని వేళ్లతో తిప్పి చూడాలి. హాయిగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఇన్‌లెట్‌ది తిరిగింది. ఎగ్జాస్ట్‌ది బిగుసుకుని ఉంది, అంటే ఆ వాల్వు పూర్తిగా కూర్చోవడం లేదు. రెండు స్పానర్లతో లాక్ నట్టు వదిలి, రాడ్ వేళ్లతో తిరిగేదాకా సరిచేసి బిగించాను. ఇప్పుడు 104.

కార్బొరేటర్ గిన్నె విప్పి కడిగి, పాయింట్లు ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త పెట్రోలు పోసి, నేను తెచ్చుకున్న బ్యాటరీ పెట్టాం. తాళం ఆన్ చేసి కిక్ మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటర్ ముల్లు చూస్తూ వెళ్లాలి, ముల్లు మధ్యకి వచ్చిన చోట డీకంప్రెసర్ నొక్కి, కిక్‌ని ఇంకాస్త కిందకి దించి, లివర్ వదిలేసి, రాడ్ పైకి రానిచ్చి అప్పుడు పూర్తి బలంతో కొట్టాలి. నేను కొట్టబోతుంటే మాస్టారు "ఆగు, నేను కొడతాను" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, పంచె పైకి కట్టి, ఎక్కి నిలబడ్డారు. రెండో కిక్‌కి లేచింది. మొదట తెల్లగా, కొంచెం నీలంగా దట్టమైన పొగ. నాకు భయమేసింది గానీ, ఎక్కువకాలం నిలిపి ఉంచిన బుల్లెట్లలో ఆయిల్ ట్యాంకు నుంచి ఆయిల్ పంపు దాటి క్రాంక్‌కేసులోకి జారడం మామూలే, స్టార్ట్ చేశాక కాసేపు పొగ రావడం దాని వల్ల, పైగా నేను పోసిన స్పూను ఆయిల్ కూడా ఉంది. ఏడెనిమిది నిమిషాల్లో మొత్తం తగ్గిపోయింది. రైజ్ చేసి వదిలినా పొగ లేదు. కింద క్రాంకు దగ్గర టక్ టక్ ఏమైనా ఉందా అని చాలాసేపు విన్నాను, ఎందుకంటే కంప్రెషన్ ఎంత బాగున్నా బిగ్ ఎండ్, అంటే పిస్టన్ రాడ్ క్రాంకుకి కలిసే చోటి బేరింగ్ సంగతి గేజ్ చెప్పదు, దానికి చెవే దిక్కు. ఏమీ లేదు. కాలవగట్టు మీద పది కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చి, వేడి మీద మళ్లీ గేజ్ పెట్టాను. మొదటి కిక్‌కి 74, నాలుగోదానికి 110.

బేరం దగ్గర నాకు కొంచెం ఇబ్బందైంది. ఆయన చెప్పిన ఎనభై ఐదు వేలు ఇంజిన్ పోయిందనుకుని చెప్పిన ధర. పోలేదని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. "మాస్టారూ, ఇది బాగున్న బండి, మీరు ఆ ధరకి ఇవ్వక్కర్లేదు" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి భార్యతో మాట్లాడి వచ్చి, "నువ్వు చూసి చెప్పకపోతే నేను పాతసామానువాడికి ఇచ్చేసేవాణ్ని. ఇంకో పదివేలు ఇవ్వు చాలు" అన్నారు. తొంభై ఐదు వేలు. ఆయనకే ఉంచుకోవాలని ఉందేమో అని అది కూడా అడిగాను. మోకాళ్లు సహకరించడం లేదన్నారు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి, ఇది ఖాళీగా ఉన్నప్పుడు గడువు దాటింది. ఆర్‌సీలో ఉన్న చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద నంబర్లతో కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది సరిచూసుకున్నాకే డబ్బులిచ్చాను. రెన్యువల్, ట్రాన్స్‌ఫర్ అయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఇంజిన్ ఎంత బాగున్నా నంబర్లు కలవకపోతే ఆ బండి వద్దు.

తర్వాత ఆటోనగర్ తీసుకెళ్తే బాబాయ్ ఇంకో పరీక్ష చేశాడు. ఆయన దగ్గర పాత ప్లగ్ ఒకటుంది, లోపలి పింగాణీ తీసేసి గాలి గొట్టం నాజిల్ వెల్డింగ్ చేయించుకున్నాడు. దాన్ని ప్లగ్ బొక్కలో బిగించి, పిస్టన్‌ని కంప్రెషన్ మీద సరిగ్గా పైకి తెచ్చి, టాప్ గేర్‌లో వేసి వెనక బ్రేకు నన్ను గట్టిగా తొక్కమని, కంప్రెసర్ గాలి కొంచెం కొంచెంగా వదిలాడు. పిస్టన్ ఏమాత్రం పక్కకున్నా గాలి దాన్ని కిందకి తన్నేస్తుంది, కిక్ రాడ్ దగ్గర కాలు ఉండకూడదు. కార్బొరేటర్ దగ్గర చెవి పెడితే నిశ్శబ్దం, అంటే ఇన్‌లెట్ వాల్వు బాగుంది. ఆయిల్ మూత తీస్తే చాలా సన్నగా, ఉందా లేదా అన్నట్టు. సైలెన్సర్ చివర చెవి పెడితే స్స్ మని వినపడింది. బిగుసుకున్న టాపెట్‌తో నడిచినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు అంచు కొంచెం కాలి ఉంటుందన్నాడు.

హెడ్ ఒక్కటీ దించాడు. బోర్‌లో వేలు పెట్టి పైనుంచి కిందకి గీస్తే గోటికి ఎక్కడా తగల్లేదు, పైన అంచు దగ్గర మెట్టు కూడా లేదు. పిస్టన్ మీద 20 అని ఉంది, అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై అన్నమాట, అంటే ఎప్పుడో ఒకసారి అర మిల్లీమీటరు బోర్ చేయించి ఓవర్‌సైజ్ వేశారు, మాస్టారిని ఫోన్‌లో అడిగితే 1999లో చేయించానని గుర్తుచేసుకుని చెప్పారు. ఎగ్జాస్ట్ వాల్వు తీసి సీటింగ్ చేసి, కొత్త హెడ్ గ్యాస్కెట్ వేసి బిగించాం. వంద కిలోమీటర్లు తిప్పాక హెడ్ నట్లు మళ్లీ ఒకసారి బిగించాలన్నాడు, బిగించాం. అదే గేజ్, అదే కాలు. 117.

మొన్న ఆదివారం బండి మీద మాస్టారి ఇంటికి వెళ్లాను. శబ్దం విని గేటు దాకా వచ్చారు. చుట్టూ తిరిగి చూసి, ట్యాంకు మీద రంగు వెలిసిన చోట చెయ్యి పెట్టి, రంగు మాత్రం వేయించొద్దన్నారు. వేయించనన్నాను. తర్వాత హ్యాండిల్ దగ్గరికి వచ్చి, డీకంప్రెసర్ లివర్‌ని వేలితో మెల్లగా కదిపి చూసుకున్నారు. ఆట ఉంది.